మామూలు బడా, ప్రత్యేక పాఠశాలా, భవిత కేంద్రమా? మీ బిడ్డకు ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా

జూన్ దగ్గరపడే కొద్దీ వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల తల్లిదండ్రుల మధ్య ఇదే చర్చ. మాట రాని బాబునో, నడక ఆలస్యమైన పాపనో, మూడో తరగతికి వచ్చినా అక్షరాలు గుర్తుపట్టని పిల్లాడినో చూపించి "ఏ బడిల వేద్దాం?" అని అడుగుతారు. ఊరి బడి చాలని ఒకరంటారు. మానసిక దివ్యాంగుల పాఠశాలకు పంపితేనే దారిలో పడతాడని ఇంకొకరు. హైదరాబాద్‌కు మారితే తప్ప లాభం లేదని మూడో సలహా. అందరూ మంచి మనసుతోనే చెప్తారు. కానీ ఒకరి బిడ్డకు కుదిరింది ఇంకొకరి బిడ్డకు కుదరదు. ఎందుకు కుదరదో చేర్పించక ముందే చాలావరకు తెలుసుకోవచ్చు.

మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బందులు ఉన్న పిల్లల గురించే ఇక్కడ ఎక్కువగా చెప్తున్నాం. చూపు, వినికిడి లోపాలున్న పిల్లల లెక్క వేరు. బ్రెయిలీ, సైగల భాష వచ్చిన టీచర్లు, అదే భాషలో మాట్లాడుకునే తోటి పిల్లలు వాళ్లకు చాలా అవసరం. అందుకని కరీంనగర్‌లోని ప్రభుత్వ అంధుల ఆశ్రమ పాఠశాల, హైదరాబాద్ మలక్‌పేటలోని బధిరుల పాఠశాల లాంటివి వాళ్ల జాబితాలో మొదటే ఉండాలి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బోర్డు మీద ఏం రాసి ఉందన్నది తర్వాతి సంగతి. నేర్పడం తెలిసిన మనిషి రోజులో మీ బిడ్డ పక్కన ఎంతసేపు కూర్చుంటారు, ఏం నేర్పుతారు అన్నదే అసలు లెక్క. ఆ మనిషి దొరికితే సర్కారు బడి అయినా మంచిదే. దొరకకపోతే ఎంత పేరున్న బడి అయినా పిల్లవాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టి పైతరగతికి పంపుతూనే ఉంటుంది.

## సర్టిఫికెట్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ కాగితం) మీద శాతం చూడగానే చాలామంది బడి కూడా దాన్నిబట్టే తేలిపోతుందనుకుంటారు. ఆ శాతం వచ్చేది ప్రధానంగా సామాజిక పరిపక్వత పరీక్ష, తెలివితేటల పరీక్షల నుంచి. మేధో వైకల్యంలో తేలికపాటి స్థాయికి 50 శాతం, మధ్యస్థ స్థాయికి 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100 అని రాస్తారు. పెన్షన్, బస్సు రాయితీ, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), పరీక్షల్లో వెసులుబాట్లు అన్నిటికీ ఈ కాగితమే ఆధారం కాబట్టి తప్పక తీసుకోవాలి. కానీ 75 శాతం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు తన అన్నం తాను తిని, పిలిస్తే వచ్చి కూర్చోవచ్చు. ఇంకొకరు రెండు నిమిషాలు కూడా నిలవకపోవచ్చు. ఆ తేడా కాగితం మీద కనపడదు. బడిని తేల్చేది మాత్రం ఆ తేడానే.

వయసు సంగతీ చూసుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు 'ఎదుగుదలలో ఆలస్యం' అని తాత్కాలికంగా ఇస్తారు. ఐదు నిండాక మళ్లీ చూపించాలి. చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేక ఇబ్బందికి ఎనిమిదేళ్ల తర్వాతే నిర్ధారణ. అంతకుముందు ఎవరైనా గట్టిగా డిస్లెక్సియా అని రాసిచ్చినా బోర్డు ముందు నిలవదు.

అందరికన్నా నలిగిపోయేది సరిహద్దు స్థాయి పిల్లలు, అంటే తెలివితేటల్లో మామూలు పిల్లలకూ మేధో వైకల్యానికీ మధ్యలో ఉన్నవాళ్లు. వాళ్లకు వచ్చేది 25 శాతమే. 40 గానీ ఆపైన గానీ ఉంటేనే బెంచ్‌మార్క్ వైకల్యం (చట్టం ప్రకారం సాయం అందే స్థాయి) కాబట్టి పెన్షన్ ఉండదు, ప్రత్యేక పాఠశాలలూ సాధారణంగా తీసుకోవు. బడిలోనేమో "మొద్దు" అని ముద్ర పడుతుంది. వీళ్ల కోసం కింద విడిగా రాశాం.

## బడి వెతికే ముందు ఇంట్లో రాసుకోవాల్సినవి

ఒక తెల్లకాగితం మీద ఈ ఆరు విషయాలకు జవాబులు రాయండి. ఎవరి మెప్పు కోసమూ పెంచి రాయొద్దు, భయంతో తగ్గించీ రాయొద్దు.

1. బాత్రూం సంగతి. వచ్చినప్పుడు చెప్తాడా, సైగ చేస్తాడా, టైం ప్రకారం తీసుకెళ్తే సరిపోతుందా, ఇంకా డైపరేనా? మామూలు బడిలో మొదటి గొడవ దాదాపు ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది. ఆయా లేని బడిలో రోజూ మధ్యాహ్నం తల్లికి ఫోన్ వస్తుంది. నెల తిరిగేసరికి "రేపటి నుంచి పంపకండి" అంటారు.
2. తనకేం కావాలో ఎలా చెప్తాడు? మాటతో, వేలు చూపించి, చెయ్యి పట్టుకు లాగి, ఏడ్చి, కొట్టి.
3. పదిమందిలో ఒక పని మీద ఎన్ని నిమిషాలు కూర్చుంటాడు? ఫోన్ చేతిలో ఉన్న సమయం లెక్కలోకి రాదు.
4. చదువు ఏ తరగతి దగ్గర ఆగింది? చేరిన తరగతి వద్దు, నిజంగా వచ్చింది రాయండి. "ఐదో తరగతి, కానీ ఒకటి నుంచి ఇరవై వరకు లెక్కపెడతాడు, రెండక్షరాల మాటలు చదువుతాడు."
5. ప్రమాదం ఉన్న పనులు: రోడ్డు మీదికి పరుగెత్తడం, తల కొట్టుకోవడం, కనపడ్డది నోట్లో పెట్టుకోవడం, ఫిట్స్.
6. రోజూ ఎవరు తోలుకుపోతారు, ఎవరు తీసుకొస్తారు, ఆ మనిషికి జ్వరం వస్తే ఇంకెవరు?

ఆరోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పరకాల నుంచి హనుమకొండకు రోజూ రెండు పూటలా ఆటో, బస్సు మారుతూ వచ్చే తల్లి మొదటి మూడు నెలలు ఉత్సాహంగా వస్తుంది. వానాకాలం వచ్చి, ఇంట్లో రెండో బిడ్డకు పరీక్షలు మొదలయ్యాక హాజరు వారానికి రెండు రోజులకు పడిపోతుంది. దూరంలో ఉన్న మంచి బడికి వారానికి రెండు రోజులు పోవడం కన్నా దగ్గరి ఓ మోస్తరు బడికి ఆరు రోజులు పోవడమే ఈ పిల్లలకు ఎక్కువ పని చేస్తుంది. వీళ్లు నేర్చుకునేది రోజూ అదే పని మళ్లీ మళ్లీ చేయడం వల్ల.

## దారులన్నీ ఒక్కచోట

| దారి | నేర్పేది ఎవరు | ఖర్చు, రాకపోకలు | ఎవరికి కుదురుతుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| ఊరి సర్కారు బడి + భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే ప్రభుత్వ కేంద్రం) | తరగతి టీచర్, మండలంలోని ఐఈఆర్‌పీ (ఈ పిల్లలకు నేర్పే ప్రత్యేక టీచర్) | ఫీజు లేదు, మండల కేంద్రానికి రాకపోకలు ఉంటాయి | 5–10 ఏళ్ల పిల్లలు, గుంపులో కాసేపు కూర్చోగలిగినవాళ్లు | ఐఈఆర్‌పీ ఒక్కరే, పిల్లలు ఎక్కువ |
| ప్రైవేటు బడి (షాడో టీచర్‌తో, అంటే తరగతిలో బిడ్డ పక్కనే కూర్చునే సహాయకుడితో, లేకుండా) | తరగతి టీచర్, మీరు పెట్టుకున్న మనిషి | ఫీజు + వ్యాన్ + షాడో జీతం | మాట ఉండి, తేలికపాటి ఇబ్బంది ఉన్నవాళ్లు | మార్కుల ఒత్తిడి, నాలుగైదు తరగతుల దగ్గర వదిలించుకోవడం |
| ప్రత్యేక పాఠశాల, పగటి పూట | శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ | ఒక్కోచోట ఒక్కో తీరు, వ్యాన్ ఉంటే మేలు | సొంత పనులు, మాట నేర్పాల్సినవాళ్లు | మామూలు పిల్లల తోడు తగ్గడం |
| హాస్టల్ ఉన్న ప్రత్యేక పాఠశాల | పై టీచర్లే, రాత్రి ఆయాలు | తక్కువ లేదా ఉచితం | ఇంట్లో చూసే మనిషే లేనివాళ్లు | భద్రత, ఇంటికి దూరం |
| ఇంటి వద్ద విద్య | ఐఈఆర్‌పీ వచ్చి వెళ్తారు, మిగతాది ఇల్లే | లేదు | మంచం దిగలేని, తరచూ అనారోగ్యం పాలయ్యే పిల్లలు | వారంలో కొద్దిసేపే |

## ఊరి బడి, భవిత కేంద్రం కలిపి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6–18 ఏళ్ల పిల్లలకు దగ్గర్లోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. సర్కారు బడి ఏదీ మీ బిడ్డను కాదనడానికి లేదు. అసలు ప్రశ్న చేర్చుకున్నాక ఏం జరుగుతుందన్నదే.

మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీలు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. కొందరు పిల్లలు రోజూ అక్కడికే వస్తారు. ఇంకొందరు ఊరి బడిలో చదువుతూ వారంలో కొన్ని రోజులు వస్తారు. ఏడేళ్ల లోపు పిల్లలకు ఈ రెండో పద్ధతి చాలా బాగా నడుస్తుంది: బడిలో ప్రార్థన, ఆట, మధ్యాహ్న భోజనం, తోటి పిల్లల మాటలు. భవితలో ఒక్కడికే కూర్చోబెట్టి నేర్పే పాఠం. భవిత టీచర్ నేర్పిన పనినే తరగతి టీచర్ కూడా ఆ వారం చేయిస్తే అది నిలుస్తుంది. ఆ ఇద్దరి మధ్య ఒక చిన్న నోటుబుక్కు తిరిగేలా చూడడం మీ పని. "ఈ వారం: ఎరుపు, పసుపు వేరు చేయడం" అని ఒక్క లైను రాసినా చాలు.

ఇక్కడ తప్పేది ఎక్కడంటే, తరగతి గదిలో. నలభై మందిని ఒక్కరే చూసే బడిలో "మీ పిలగాడు మంచోడే అమ్మా, ఏం అల్లరి చెయ్యడు" అన్న మాట విని తల్లి సంతోషంగా వెళ్తుంది. అల్లరి చేయని పిల్లవాడు అందరికన్నా ముందు మరుగున పడతాడు. అతని నోటుబుక్కు తెరిచి చూడండి. పేజీలన్నీ పక్కవాడి దాంట్లోంచి దించిన గీతలే ఉండి, ఇంట్లో అందులో ఒక్క మాట కూడా చదవలేకపోతే అక్కడ చదువు జరగట్లేదని అర్థం.

యూడైస్‌లో (బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) మీ బిడ్డ పేరు దివ్యాంగ విద్యార్థిగా, సరైన రకంతో నమోదైందా అని హెడ్మాస్టర్‌ని తప్పక అడగండి. ఆ నమోదు లేకపోతే రవాణా భత్యం, తోడు వచ్చేవారి భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు వచ్చే స్టైపెండ్, పరికరాల శిబిరం ఏవీ మీ దాకా రావు. చాలా ఇళ్లకు ఈ డబ్బు అందకపోవడానికి కారణం ఇంత చిన్నదే.

బడుల్లో ప్రత్యేక టీచర్ల పోస్టులూ వస్తున్నాయి. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2024 డీఎస్సీలో తెలంగాణ 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) ప్రత్యేక విద్య పోస్టులు ప్రకటించింది. మీ మండలంలో ఎవరు ఏ బడిలో ఉన్నారో ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో అడిగి, వీలైతే ఆ బడినే ఎంచుకోండి. ఇంటికి ఒక కిలోమీటరు ఎక్కువైనా ఫరవాలేదు.

## ప్రైవేటు బడి

చాలామంది మొదట అడుగుపెట్టేది ఇక్కడే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా వైకల్యం కారణంగా వివక్ష చూపడానికి చట్టం ఒప్పుకోదు. సీబీఎస్ఈ బడుల్లో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పెట్టాలన్న నిబంధన ఉంది. అడిగితే "ఉన్నారు" అంటారు. ఆ మనిషిని కలవాలని, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో (ఇలాంటి టీచర్లను నమోదు చేసే కేంద్ర సంస్థ) నమోదు సంఖ్య చూపించమని అడగండి. కౌన్సెలర్‌ని చూపించి ఆయనే స్పెషల్ ఎడ్యుకేటర్ అంటే అది కుదరదు, రెండూ వేరు పనులు.

షాడో టీచర్‌ని పెట్టుకుంటే ఒక విషయం మొదటి రోజే తేల్చుకోవాలి. షాడో పక్కన కూర్చోవడం మొదలవగానే తరగతి టీచర్ ఆ పిల్లవాడితో మాట్లాడడం మానేస్తారు. సూచనలన్నీ షాడో నోటి నుంచే వస్తాయి, రాతంతా షాడో చేతితోనే నడుస్తుంది. ఏడాది తర్వాత షాడో మానేస్తే పిల్లవాడు తరగతిలో మళ్లీ మొదటికొస్తాడు. అందుకే పని ఇలా పంచండి: టీచర్ పేరు పెట్టి పిలిచి సూచన ఇవ్వాలి, షాడో ఐదు సెకన్లు ఆగాలి, అప్పటికీ కదలకపోతేనే చేత్తో చూపించాలి. మూడు నెలలకోసారి షాడో ఒక బెంచీ వెనక్కి జరగాలి.

భాష కూడా చూసుకోండి. ఇంట్లో తెలుగో, ఉర్దూనో, తండాలో లంబాడీనో వినే బిడ్డకు బడిలో ఇంగ్లిష్ మాత్రమే వినపడితే, పని అర్థం కాలేదా, భాష అర్థం కాలేదా తేల్చడం ఎవరివల్లా కాదు. టీచర్ ఇంటి భాషలో కూడా చెప్పే బడి మేలు.

నాలుగు, ఐదు తరగతుల దగ్గర "మీవాడు మా సిలబస్ అందుకోలేడు, టీసీ తీసుకోండి" అనే మాట వస్తుంది. దానికి ముందే సిద్ధంగా ఉండండి. ఒత్తిడికి లొంగి తొందరపడి సంతకం పెట్టొద్దు. కారణం రాసివ్వమని అడగండి.

## ప్రత్యేక పాఠశాల

హనుమకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం లాంటివి, కరీంనగర్ తదితర పట్టణాల్లో స్వచ్ఛంద సంస్థలు నడిపే బడులు ఈ కోవలోకి వస్తాయి. "అక్కడ వేస్తే ఇంకా అట్లనే అయితడు" అన్న భయంతో చాలామంది దూరంగా ఉంటారు. ఆ భయంలో కొంత నిజం ఉంది: మాట రాని పిల్లల మధ్యే ఉంటే మాట వినే అవకాశం తగ్గుతుంది. కానీ పదేళ్ల వయసులో బాత్రూం పని, బట్టలు వేసుకోవడం రాని పిల్లవాడిని నాలుగో తరగతి వెనక బెంచీలో కూర్చోబెడితే పోయేది అంతకన్నా ఎక్కువ. 6 నుంచి 12 ఏళ్ల మధ్య నేర్పాల్సిన సొంత పనులు నేర్పకపోతే, పదిహేనేళ్లకు తల్లి తన ఎత్తు కొడుక్కి స్నానం చేయించాల్సి వస్తుంది.

మంచి ప్రత్యేక పాఠశాలను గుర్తుపట్టేది గదుల అందాన్నిబట్టో, గోడ మీద బొమ్మలనుబట్టో కాదు. ప్రతి బిడ్డకూ రాసిపెట్టుకునే వ్యక్తిగత విద్యా ప్రణాళికను అడిగి చూడండి. మన దగ్గర చాలా బడులు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసిన చెక్‌లిస్టు వాడతాయి. అందులో పూర్వ ప్రాథమిక, ప్రాథమిక, మాధ్యమిక, వృత్తి శిక్షణకు ముందు దశ అని స్థాయిలుంటాయి. ఒక స్థాయిలో 80 శాతం అంశాలు వస్తే పైస్థాయికి పంపుతారు. మీ బిడ్డ ఏ స్థాయిలో ఉన్నాడు, ఏ అంశాలు మిగిలాయి అని అడిగితే టీచర్ కాగితం తీసి చూపించగలగాలి.

ప్రణాళికలో రాసిన లక్ష్యాలు చదివితే బడి సంగతి తెలిసిపోతుంది. "భాషా నైపుణ్యాలు మెరుగుపరచాలి" అని రాస్తే అది ఎవరికైనా అతికే మాట. "గ్లాసు, చెంచా, బంతి ముందు పెట్టి అడిగితే ఐదుసార్లలో నాలుగుసార్లు సరైనది తీసిస్తుంది, సెప్టెంబర్ చివరికి" అని రాస్తే ఆ టీచర్‌కి పని తెలుసు.

నేర్పే తీరు కూడా కాసేపు నిలబడి చూడండి. చొక్కా గుండీ పెట్టడం నేర్పుతున్నారనుకోండి. తెలిసిన టీచర్ చివరి నుంచి మొదలుపెడతారు: గుండీని కాజాలోకి సగం దూర్చి వదిలేస్తారు, బిడ్డ ఆ సగం లాగితే చాలు, పని పూర్తయినట్టే, వెంటనే మెచ్చుకుంటారు. అది వచ్చాక పావువంతు దూర్చి వదులుతారు. ఆ తర్వాత గుండీని కాజా దగ్గర పెట్టి ఆగుతారు. మొదట పెద్ద గుండీలు, వదులు కాజాలు, అదీ బల్ల మీద పరిచిన చొక్కాకు. ఒంటి మీది చొక్కా ఆఖరున. ఇది తెలియని చోట "గుండీ పెట్టుకో, పెట్టుకో" అని పదిసార్లు చెప్పి, విసుగొచ్చి ఆయానే పెట్టేస్తుంది.

చేర్చే ముందు అడగాల్సిన మిగతావి: ఒక్కో టీచర్ దగ్గర ఎంతమంది, టీచర్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉందా, మాట నేర్పే థెరపిస్టు వారంలో ఎన్నిసార్లు వస్తారు, బడికి యూడైస్ కోడ్ ఉందా. ఆఖరిది లేకపోతే పాత బడి నుంచి టీసీ తీసుకున్నాక బిడ్డ పేరు ఏ రికార్డులోనూ లేకుండా పోతుంది, తర్వాత పదో తరగతి దారి చిక్కుపడుతుంది. కనీసం రెండు వారాలు పంపి చూశాకే టీసీ మాట ఎత్తండి.

## హాస్టల్, ఇంటి వద్ద విద్య

హాస్టల్ విషయంలో మా మాట గట్టిదే: పన్నెండేళ్ల లోపు, మాటతో ఫిర్యాదు చేయలేని బిడ్డను ఇంకో దారి ఉండగా హాస్టల్లో వేయొద్దు. తప్పని పరిస్థితి అయితే రాత్రిపూట ఎంతమంది ఆయాలు, ఆడపిల్లల గదులు ఎక్కడ, చెప్పకుండా వచ్చి చూడనిస్తారా, మందుల రిజిస్టర్ ఎవరు రాస్తారు అని అడగండి. చెప్పకుండా రావొద్దన్న చోట చేర్చొద్దు.

తీవ్రమైన, ఒకటికి మించిన వైకల్యాలున్న పిల్లలకు ఇంటి వద్దే చదువుకునే హక్కును 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో చేర్చారు. ఐఈఆర్‌పీ ఇంటికొచ్చి చూపించి వెళ్తారు. ఆ కొద్దిసేపటితో బిడ్డ మారడు. వచ్చినప్పుడు మీరు పక్కనే కూర్చుని, ఈ వారం రోజూ చేయాల్సిన రెండే రెండు పనులు చేయించి చూపించమని అడగాలి. నడవగలిగి, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడిని బడి వాళ్లు "ఇంటి వద్ద విద్యలో రాసుకుంటాం" అంటే ఒప్పుకోవద్దు. అది చాలాసార్లు బడి భారం దించుకోవడమే.

థెరపీ సెంటర్లను బడికి బదులుగా చూడడం ఇంకో పొరపాటు. కాజీపేటలో రైలెక్కి వారానికి రెండుసార్లు సికింద్రాబాద్ పోయి గంట థెరపీ చేయించే కుటుంబాలున్నాయి. ఒక పూర్తి రోజు పోతుంది, బిడ్డ అలసి మర్నాడు బడికి పోడు. పెద్ద సంస్థ దగ్గరికి ఆరు నెలలకోసారి పోయి పరీక్ష చేయించుకుని, ఇంట్లో, బడిలో చేయాల్సిన పనులు రాయించుకుని రావడం చాలామందికి సరిపోతుంది.

## ఏ బిడ్డకు ఏది

ఐదారేళ్ల డౌన్ సిండ్రోమ్ పాప, నడుస్తుంది, కొన్ని మాటలు, బాత్రూంకి చెప్తుంది. ఊరి బడి, భవిత. అనుమానమే అక్కర్లేదు. గుండె, థైరాయిడ్, వినికిడి పరీక్షలు ముందు చేయించండి. వినపడకనే వెనకబడే పిల్లలు వీళ్లలో ఎక్కువ.

ఎనిమిదేళ్ల ఆటిజం బాబు, మాట లేదు, గుంపులో చెవులు మూసుకుని పరుగెత్తుతాడు. పగటిపూట ప్రత్యేక పాఠశాల, రెండేళ్ల లక్ష్యంతో: బొమ్మల కార్డుతో అడగడం, పది నిమిషాలు కూర్చోవడం, బాత్రూం. సాయంత్రాలు, సెలవుల్లో వాడకట్టు పిల్లలతో ఆట మానొద్దు. ఆ మూడూ వచ్చాక భవితతో కలిపి ఊరి బడిని మళ్లీ చూడొచ్చు.

సెరిబ్రల్ పాల్సీ, తెలివి బాగుంది, చేతులు కాళ్లు బిగుసుకుంటాయి, మాట అస్పష్టం. వీళ్లను మానసిక దివ్యాంగుల బడిలో వేయడం అన్యాయం. మామూలు బడి, ర్యాంప్ ఉన్న కింది గది, ఒంటికి సరిపోయే కుర్చీ, పరీక్షలకు స్క్రైబ్ (బిడ్డ చెప్పింది రాసిపెట్టే మనిషి). గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది, బడి పరీక్షల్లో కూడా అడగండి.

ఆరో తరగతి, మాట్లాడతాడు, బజారుకు పోయొస్తాడు, చదవలేడు. ముందు కళ్లు, చెవులు. తర్వాత చదువు ఇబ్బందికి పరీక్ష. ప్రత్యేక పాఠశాల అక్కర్లేదు. రోజూ అరగంట ఒకరితోనే చదువు, అదీ రెండో తరగతి స్థాయి నుంచి.

సరిహద్దు స్థాయి. సర్టిఫికెట్ సాయం ఉండదు కాబట్టి టీచర్ ఒప్పుదలే ఆధారం. పాఠానికి ఐదు ముఖ్యమైన ప్రశ్నలే నేర్పమని, మిగతావి వదలమని అడగండి. ట్యూషన్‌లో మళ్లీ సిలబస్ మొత్తం రుద్దించొద్దు.

ఫిట్స్ ఉన్న పిల్లలు ఏ బడిలో ఉన్నా టీచర్‌కి ఒక చీటీ ఇవ్వండి: పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి.

## బడి కాదంటే

నోటితో కాదన్న బడితో నోటితో వాదించొద్దు. చేర్చుకోమని దరఖాస్తు రాసి, సర్టిఫికెట్ నకలు జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడే సగం బడులు దిగొస్తాయి. రాకపోతే ఎంఈఓ, తర్వాత డీఈఓ (జిల్లా విద్యాధికారి). సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అదే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. ప్రతి మెట్టులోనూ వెనకటి రసీదు జతచేస్తూ పోవాలి.

## మార్చాలా, ఆగాలా

చేర్చిన బడి జీవితాంతం ఉండాల్సిన పని లేదు. ఇంట్లో రాసుకున్న ఆ తెల్లకాగితాన్ని జూన్‌లో, డిసెంబర్‌లో మళ్లీ తీసి అవే ఆరు ప్రశ్నలకు జవాబులు రాయండి. రెండుసార్లు వరుసగా ఒక్క లైను కూడా మారకపోతే ముందు టీచర్‌తో కూర్చుని లక్ష్యాలు మార్చండి, ఇంకో ఆరు నెలలకూ కదలకపోతే బడి మార్చండి. పిల్లవాడు పొద్దుగాల కడుపునొప్పి అనడం, వచ్చిన పని మర్చిపోవడం, ఒంటి మీద గాట్లు కనపడడం జరిగితే ఆరు నెలలు ఆగొద్దు.

పద్నాలుగేళ్లు దగ్గరపడితే లెక్క మారుతుంది. చదువు కొంత వచ్చిన పిల్లలకు తెలంగాణ ఓపెన్ స్కూల్, జాతీయ ఓపెన్ స్కూల్ రెండూ పద్నాలుగు నిండితే పదో తరగతి రాయనిస్తాయి. జాతీయ ఓపెన్ స్కూల్‌లో ఐదు సబ్జెక్టులను ఐదేళ్లలో, ఒక్కోసారి ఒక్కటి చొప్పున కూడా రాయొచ్చు. అందుకని రెగ్యులర్ పదో తరగతిలో ఒకేసారి అన్నీ రాయలేని పిల్లలకు ఇదే సుఖం. అక్షరాల దగ్గరే ఆగిన పిల్లలకు పద్నాలుగు తర్వాత ఇంకా అక్షరాలే దిద్దించడం మాని కవర్లు, విస్తరాకుల తయారీ, వంటింటి పని, డబ్బు గుర్తించడం, ఒంటరిగా బస్సెక్కడం నేర్పే వృత్తి శిక్షణ విభాగం ఉన్న బడికి మార్చండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఆరోగ్య ఖర్చులకు లక్ష రూపాయల వరకు ఇచ్చే నిరామయ బీమాలో ఇంకా చేరకపోతే అప్పటికైనా చేరండి. పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో వాళ్లు పెద్దవాళ్లు. మీ సంతకం బ్యాంకులో చెల్లదు. కాబట్టి ఆ పుట్టినరోజు దాటగానే, ఆలస్యం చేయకుండా, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి సంరక్షక హోదా (వాళ్ల తరఫున చట్టబద్ధంగా నిర్ణయాలు తీసుకునే అధికారం) కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.